ఇంజను చల్లారేదాకా

అతుకుల మేస్త్రి చేతులకు ఒక జబ్బు ఉంది. కారుతున్నది ఏదైనా కంటపడితే అవి ఊరుకోవు. ముప్పై ఎనిమిదేళ్లు లారీ రేడియేటర్లకు అతుకులు వేసి సంపాదించుకున్న జబ్బు కాబట్టి దానికి మందు కూడా లేదు. ఎవరికో ఒంట్లో బాగాలేదని పలకరించడానికి వెళ్తాడు. ఆ ఇంట్లో కుళాయి కారుతోందంటే చాలు, మంచం పక్కన కూర్చోవలసిన మనిషి స్నానాలగదిలో తేలతాడు. తోడల్లుడి కూతురి పెళ్లిలో గ్రూపు ఫొటోకి చుట్టాలందరూ వరసగా నిలబడితే, ఈయన మాత్రం వంటవాళ్ల నీళ్ల డ్రమ్ము కింద వెల్లకిలా దొరికాడు.

అతని కూతురికి ఈ సంగతి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. అందుకే ఆ శనివారం ఉదయం బస్సు దిగగానే తండ్రిని పక్కకు లాగి మళ్లీ ఒకసారి మాట తీసుకుంది.

"నాన్నా, ఇంకోసారి చెప్పు."

"ఇంట్లో చెప్పానుగా."

"ఇక్కడ కూడా చెప్పు."

"నోరు విప్పను. స్క్రూ విప్పను. చూస్తానంతే."

"బండిలో తేడా ఏమైనా కనబడితే?"

"నీ చెవిలో చెప్తాను."

"అమ్మే ఆయన చెవిలో?"

"చెప్పను తల్లీ! నేనేమన్నా చిన్నపిల్లాడినా?"

చిన్నపిల్లాడైతే ఇంత భయం ఉండేది కాదని ఆమె లోలోపల అనుకుంది. పనిముట్ల సంచీ తేవద్దంటే తేలేదు, నిజమే. కానీ ప్యాంటు జేబులు రెండూ అనుమానంగా ఉబ్బి ఉన్నాయి. నడుస్తుంటే అందులో ఏవో గలగలమంటున్నాయి. అడిగితే తాళాలన్నాడు. వాళ్ల ఇంటికి ఉన్నది ఒక్కటే తాళం.

ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. తెల్లవారగానే ఇంటింటికీ వెళ్లి, పరగడుపున కాచుకుని ఉన్నవాళ్ల దగ్గర రక్తం తీసుకుని ల్యాబుకు చేర్చాలి. అన్ని వీధుల్లోనూ ఆమెను సూదమ్మాయి అంటారు. చేయి తేలిక, పొడిచినట్టే తెలియదని మంచి పేరు. కానీ బస్సుల్లో తిరిగే మనిషికి మంచి పేరుంటే సరిపోదు. ఆలస్యమైన రోజున ఆకలితో ఉన్న రోగులు ఆమెను నానా మాటలూ అంటారు, ఆ మాటలు ఆమె కంటే ముందే ల్యాబుకు చేరతాయి. సోమవారం ఆరు గంటలకల్లా సొంత బండి మీద రాకపోతే ఆ పనికి ఇంకొకరు సిద్ధంగా ఉన్నారని మేనేజరు తేల్చి చెప్పేశాడు. ఆ ఇంకొకరు అప్పుడే హెల్మెట్ కూడా కొనుక్కున్నాడట.

మామూలు బండి అయితే ఏ పదిహేను రోజుల కిందటో దొరికి ఉండేది. మేస్త్రి ఒప్పుకోలేదు. "రేడియేటర్ లేని బండి నాకు అర్థం కాదు. నాకు అర్థం కానిదాని మీద నిన్ను ఎక్కించను" అని భీష్మించుకున్నాడు. నీళ్లతో చల్లబడే ఇంజను ఉన్న పాత బండి, అందులోనూ ఆమె కూడబెట్టుకున్నదానికి కాస్త అటూ ఇటూగా దొరికేది, వెతగ్గా వెతగ్గా ఊరంతటికీ ఒక్కటే కనబడింది. దాని యజమాని కళ్లజోళ్ల షాపాయన.

షాపు ముందు, ఇల్లు వెనక, మధ్యలో సిమెంటు పెరడు. పెరట్లో బండి కొత్తదానిలా మెరిసిపోతోంది. కళ్లజోళ్లాయన దానికంటే ఎక్కువ మెరిసిపోతూ ఎదురొచ్చాడు.

"రండమ్మా, రండి! మీరు వస్తారని స్టార్ట్ చేసి రెడీగా పెట్టాను. ఒక్క రౌండు కొట్టి రండి, తర్వాత మాట్లాడుకుందాం."

సూదమ్మాయి బండి ఎక్కలేదు. వంగి ఇంజను దగ్గర అరచేయి పెట్టింది. పెట్టిన చేతిని చటుక్కున వెనక్కి తీసుకుంది.

"కాలిపోతోందండీ."

"ఇప్పుడే పాలకోసం వెళ్లొచ్చాను."

"పాలు పక్క ఊర్లో పోస్తారా?"

కళ్లజోళ్లాయన ఆ మాట వినబడనట్టు నవ్వాడు. ఆమె పెరటి గట్టు మీద కూర్చుంది.

"చల్లారాక చూస్తాం. తొందరేం లేదు."

"చల్లారాక ఏం కనబడుతుందమ్మా? బండి నడుస్తుంటేగా తెలిసేది."

"మాత్ర మింగి వచ్చినవాళ్ల జ్వరం చూస్తే ఏం తెలుస్తుందండీ? ఇదీ అంతే" అంది ఆమె. వేడిమీద రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయనీ, చల్లటి ఇంజను స్టార్ట్ చేస్తేనే దాని రోగాలన్నీ వరసగా బయటపడతాయనీ పలక పట్టకముందే నేర్చుకున్న పిల్ల ఆమె. మేస్త్రి మాట ఇచ్చినట్టే ఏమీ అనలేదు. కాకపోతే గర్వంతో అతని మెడ రెండంగుళాలు పొడుగైంది.

పదిన్నరకి ఇంకో పార్టీ వస్తోందని కళ్లజోళ్లాయన బెదిరించాడు. రానివ్వండి, కలిసే చూస్తామంది. చేసేది లేక వాళ్లిద్దరినీ షాపులో కూర్చోబెట్టాడు. కూర్చున్నవాళ్లను ఊరికే వదలడం అతని వల్ల కాని పని. ముందు కూతురి కళ్లు పరీక్షించి, దూరపుచూపు కొంచెం తగ్గిందన్నాడు. తర్వాత మేస్త్రిని గోడమీది అక్షరాల చార్టు ముందు కూర్చోబెట్టి, ఈ వయసులో అద్దాలు లేకుండా బతకడం ప్రమాదమన్నాడు. మేస్త్రి అన్ని వరసలూ గడగడా చదివేసి, అట్టడుగున చీమతలకాయంత ఉన్న ప్రింటింగ్ ప్రెస్సు పేరు కూడా చదివి వినిపించాడు.

ఇంతలో ఇంటి లోపలి నుంచి ఒక చప్పుడు. టప్... టప్... టప్. మేస్త్రి కుర్చీలో కదిలాడు. ఇంకో పది చుక్కలు గడిచాయి. కూతురు కళ్లతోనే వద్దంది. అతను పైకప్పు వైపు చూశాడు, నేల వైపు చూశాడు, చివరికి బాత్‌రూమ్ ఎటు అని అడిగాడు. అయిదు నిమిషాల తర్వాత చొక్కా చేతులు తడుపుకుని వచ్చి బుద్ధిగా కూర్చున్నాడు. చప్పుడు ఆగిపోయింది. 

గంటన్నరకి ఇంజను చల్లబడింది. ఆమె గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత తిప్పి తీసింది. లోపల ఇంజనును చల్లబరిచే కూలెంటు ఆకుపచ్చగానో నీలంగానో ఉండాలి. ఉన్నవి తుప్పుపట్టిన నీళ్లు, అచ్చం డికాషన్ రంగులో. అవి కూడా మెడదాకా లేవు. వేలు ముంచి రుద్ది చూసింది. నూనె జిడ్డు తగల్లేదు. అమ్మయ్య అనుకుంది. నూనె కలిసి ఉంటే ఇంజను లోపలే దెబ్బతిన్నట్టు, నమస్కారం పెట్టి వచ్చేయడమే. మూత బిగించి, ఆయిల్ పోసే చోట బిరడా విప్పి అక్కడా చూసింది. మీగడలాంటి తెల్లటి నురగ లేదు. అంటే రోగం ఉంది కానీ ప్రాణం మీదికి రాలేదు. ఆమెకు కావలసింది సరిగ్గా అలాంటి బండే. కాస్త రోగం ఉంటేనే కదా ధర దిగేది!

తాళం తిప్పింది. మీటర్లో లైట్లన్నీ ఒక్కసారి వెలిగి ఆరాలి. వేడి ఎక్కువైతే హెచ్చరించే ఎర్ర లైటు మాత్రం వెలగలేదు.

"ఈ లైటేమైందండీ?"

"ఎప్పుడూ వెలగదమ్మా. బండి అంత చల్లగా ఉంటుంది!"

"వేడి లేకపోయినా తాళం తిప్పగానే ఒకసారి వెలగాలి. బల్బు పీకేశారా?"

కళ్లజోళ్లాయన జేబులోంచి రుమాలు తీసి తన అద్దాలు తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

బండి స్టార్టయింది. ముగ్గురూ చుట్టూ నిలబడ్డారు. పొగ మామూలుగానే ఉంది. వేడి చూపే ముల్లు మెల్లగా పైకి పాకింది. సగం దాటింది. ముప్పావు దాటింది. ఆ పాటికి రేడియేటర్ వెనక ఫ్యాను దానంతటదే తిరగాలి. అది ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. కింది గొట్టం మొదట్లోంచి ఒక చుక్క జారి సిమెంటు మీద పడి ఇంకిపోయింది. మేస్త్రి వంగబోయాడు. కూతురు అతని మోచేయి పట్టుకుని నిలబెట్టి బండి ఆపేసింది. లోపల ఆమెకు ఎగిరి గంతేయాలని ఉంది. మొహం మాత్రం ఎవరో పోయినట్టు పెట్టింది.

"లోపల కూర్చుని మాట్లాడుకుందామండీ. నాన్నా, నువ్వు ఈ గట్టు మీదే కూర్చో. కదలకు."

షాపులో బేరం ముప్పావుగంట నడిచింది. సూదమ్మాయి ఒక్కో జబ్బునూ రిపోర్టు చదివినట్టు చదివింది. ఫ్యాను, గొట్టం, లైటు, తుప్పు నీళ్లు. ఒక్కోదానికి కళ్లజోళ్లాయన కాస్త కాస్త దిగాడు. చివరికి ఆమె మనసులో ఉన్న అంకె దగ్గరికి వచ్చి గుమ్మంలో కాలు పెట్టినట్టే ఉన్నాడు. "సరే, మీ మాటే..." అని నోరు తెరిచాడు కూడా.

సరిగ్గా అప్పుడు పెరట్లోంచి బుర్రుమని చప్పుడు వచ్చింది.

అది ఫ్యాను చప్పుడని ఆమెకు తెలుసు. పుట్టినప్పటి నుంచీ వింటున్న చప్పుడు. అయినా కాకూడదని మొక్కుకుంటూ పరిగెత్తింది. పెరట్లో మేస్త్రి నేలమీద బాసింపట్టు వేసుకుని, చేతులు మోచేతులదాకా తడుపుకుని, పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు. పక్కనే బకెట్లో డికాషన్ నీళ్లు. పెరటి గోడకున్న షెల్ఫు మీద ఎప్పటి నుంచో మూత తీయకుండా పడి ఉన్న కూలెంటు సీసా ఇప్పుడు ఖాళీగా ఉంది.

"ఫ్యాను తీగ తెగింది తల్లీ, అంతే! స్విచ్చు దగ్గర తెగింది. అతికేశాను. గొట్టానికి క్లిప్పు లూజు. బల్బు ఇక్కడే సీటు కింద దాచారు, పెట్టేశాను. చూడు!" అతికిన తీగను స్విచ్చు నుంచి పీకి, కొసను ఇంజనుకు తాకించాడు. ఫ్యాను మళ్లీ బుర్రుమంది. "బంగారంలాంటి బండి!"

 కూతురి మొహం చూసిన మేస్త్రి నవ్వు సగంలో ఆగిపోయింది. తీగ కొసను మెల్లగా దాని చోట తగిలించాడు.

కళ్లజోళ్లాయన మాత్రం బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. గొట్టం తడిమాడు, పొడిగా ఉంది. తాళం తిప్పాడు, ఎర్ర లైటు వెలిగి ఆరింది. అతని మొహం కూడా వెలిగింది, కానీ ఆరలేదు.

"పెద్దాయన సర్టిఫికెట్ ఇచ్చేశారు కదమ్మా. బంగారంలాంటి బండి అని నేను కాదు, ఆయనే అన్నారు. ఇప్పుడు దీనికి జబ్బేముంది? మొదట చెప్పిన ధరకి పైసా తగ్గను."

"ఇప్పుడే కదండీ సరే అన్నారు!"

"అన్నాను, జబ్బు బండికి. ఇది మంచి బండి."

మేస్త్రి లేచి నిలబడ్డాడు. "అయ్యా, ఇంకొక్క పని మిగిలింది. రెండు నిమిషాల్లో..."

"ఇంక ఒక్కటీ వద్దు!" కళ్లజోళ్లాయన బండికి అడ్డం వచ్చాడు. "నా బండి. ఇంక చెయ్యి వెయ్యకండి."

మేస్త్రి కూతురి వైపు ఒకసారి చూశాడు. తర్వాత చేతులు ప్యాంటుకు తుడుచుకుని నోరు మూసుకున్నాడు.

బస్టాపు ఆ వీధి చివరే ఉంది, టైర్ల షాపు ముందు. మొదటి ధరకి తన దగ్గరున్నది చాలదు కాబట్టి, బండి వదిలేసి అక్కడిదాకా సూదమ్మాయి గబగబా నడిచింది. అక్కడికి వచ్చాక కోపం కట్టలు తెంచుకుంది.

"ఎన్నిసార్లు చెప్పించాను నీతో? రెండు నిమిషాలు ఆగితే బండి నాదయ్యేది నాన్నా! నాదయ్యాక ఇంటికి తీసుకెళ్లి ఆదివారమంతా విప్పుకుంటే ఎవరొద్దన్నారు? ఊళ్లో కారే కుళాయిలన్నీ నీకు కనబడతాయి. నా ఉద్యోగం కారిపోతోంటే కనబడదు. సోమవారం నేనేం చెయ్యాలి, చెప్పు. ఆ హెల్మెట్టువాడికి నా సూదులు నేనే అప్పజెప్పాలి."

చెప్తుంటే ఏడుపు వచ్చింది. కోపంగా ఉన్నప్పుడు ఏడుపు రావడం ఆమెకు అసలు నచ్చదు. అందుకని ఇంకా కోపం వచ్చింది.  మేస్త్రి బల్ల మీద తలవంచుకుని కూర్చున్నాడే కానీ, అరనిమిషానికోసారి వెనక్కి తిరిగి వీధిలోకి చూస్తున్నాడు. వదిలేసి వచ్చిన బండి మీద బెంగ కాబోలనుకుని ఆమెకు ఒళ్లు మండిపోయింది.

ఇంతలో వీధి ఆ చివర నుంచి హారన్ మోగింది. కళ్లజోళ్లాయన బండెక్కి ఠీవిగా వస్తున్నాడు. నెల కిందట ఈ బండిని బేరమాడి, అది మరిగిపోతోందని నలుగురిలో నవ్విపోయినవాడు టైర్ల షాపాయన. ఇప్పుడు అతని కళ్లముందు దర్జాగా తిప్పకపోతే కళ్లజోళ్లాయనకి ముద్ద దిగదు. షాపు ముందు ఒకసారి ఆపి ఇంజను రెయ్యిమనిపించాడు. బస్టాపు ముందు ఇంకొకసారి రెయ్యిమనిపించి, సూదమ్మాయికి చెయ్యి ఊపి, మలుపు తిరిగి వెళ్లిపోయాడు.

"చల్లగా వెళ్లొస్తాడు మహారాజు" అంది ఆమె పళ్లు కొరుకుతూ.

మేస్త్రి లేచి రోడ్డు మధ్యకు వెళ్లి మలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇటు బస్సు వచ్చింది. అతను ఎక్కలేదు. "తర్వాతి దాంట్లో వెళ్దాం" అన్నాడు. బస్సు వెళ్లిపోయింది. ఆమె తల పట్టుకుంది.

మరో అయిదు నిమిషాలకు మలుపులో కళ్లజోళ్లాయన కనబడ్డాడు. ఈసారి బండి మీద లేడు. బండిని తోసుకుంటూ వస్తున్నాడు. ఇంజను పక్క నుంచి తెల్లటి ఆవిరి బుసబుసమంటోంది. అతని అద్దాలు మసకబారిపోయి ముక్కు చివరికి జారాయి, తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. టైర్ల షాపాయన బయటికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏం బావగారూ, టీ పెట్టారా?"

కళ్లజోళ్లాయన తిన్నగా బస్టాపు దగ్గరికి వచ్చి స్టాండు వేశాడు. "ఏం చేశారండీ నా బండిని? ఎర్ర లైటు వెలిగింది! ఆవిరి చిమ్మింది!"

సూదమ్మాయికి అప్పుడు వెలిగింది. కొత్త కూలెంటు పోసినప్పుడు గొట్టాల్లో గాలి చిక్కుకుంటుంది. మూత తీసి ఉంచి, ఇంజను తిప్పుతూ, బండిని అటూ ఇటూ వంచి, గొట్టాలు నొక్కి ఆ గాలి బయటికి పంపాలి. లేకపోతే లోపల నీళ్లు తిరగవు, ఎంత మంచి ఫ్యాను ఉన్నా మరిగిపోతుంది. మిగిలిన ఆ రెండు నిమిషాల పని అదే.

ఆమె నోరు తెరిచేలోగా తండ్రి చేతులు కదిలాయి. ఆవిరి చప్పుడు వినబడుతోంది కదా, అవి ఊరుకోవు. ఆమె ఒక్క అంగలో వెళ్లి ఆ రెండు చేతులనూ తన రెండు చేతులతో గట్టిగా పట్టేసుకుంది.

"ఒక్క పని మిగిలిందని నాన్న చెప్పారండీ. చెయ్యి వెయ్యొద్దన్నది మీరే."

"అయితే ఇప్పుడు వెయ్యమనండి!"

"వేస్తారు. బండి నాదైతే."

"అమ్మా, అది మరిగిపోతోంది..."

"ఆపేశారుగా, చల్లారుతుంది. నేను తొందరపడను. ఇందాకా గంటన్నర కూర్చున్నాను." చేతులు ఇంకా బిగించింది. "లోపల మీరు సరే అనబోయిన ధర. అదే."

మేస్త్రి ఒంటికాలి మీద మెలికలు తిరిగాడు. "తల్లీ, ఆ గొట్టం ఒక్కటి చూసి..."

"నాన్నా, కదలకు."

టైర్ల షాపాయన ఈ వేడుక చూడమని పక్క షాపువాళ్లను కూడా పిలిచాడు. ఒకరు ఇదేనా మరిగే బండి అని అడిగారు. ఇంకొకరు ఇదే, ఇదే అన్నారు. ఈ సాయంత్రానికి ఈ కథ ఊరంతా తిరుగుతుందనీ, ఆ తర్వాత ఈ బండిని తూకానికి కూడా ఎవరూ అడగరనీ కళ్లజోళ్లాయనకి మసక అద్దాల్లోంచి కూడా స్పష్టంగా కనబడింది.

"సరే! మీ మాటే. కాయితాలు తెస్తాను, ఇక్కడే ఉండండి" అని వెనక్కి తిరిగి విసవిసా నడిచాడు.

జనం చెదిరిపోయారు. బండి చిటచిటమంటూ చల్లారుతోంది. తండ్రీకూతుళ్లు బస్టాపు బల్ల మీద కూర్చున్నారు. కాయితాలు చేతికొచ్చేదాకా నమ్మకం లేదని ఆమె ఒక చేయి వదిలి, రెండోది పట్టుకునే ఉంది. నవ్వు ఆగడం లేదు.

"ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసు, గాలి తియ్యడం ఎలా మర్చిపోయావు నాన్నా?"

"మర్చిపోలేదు. చెప్పబోయాను. వద్దన్నాడు కదా."

"వద్దంటే ఊరుకునే మనిషివా నువ్వు?"

మేస్త్రి కాసేపు తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఊరుకోను. కానీ అప్పుడు నీ మొహం చూశాను. ఎంత పని చేశానో అర్థమైంది. ఇంక రెండోసారి చెప్పలేదు."

సూదమ్మాయి నవ్వు ఆగిపోయింది. సగం పని వదిలేసి వచ్చిన రోజు ఈ మనిషి జీవితంలో ఇంకొకటి ఉంటుందేమోనని వెతికింది. ఒక్కటీ గుర్తుకు రాలేదు. 

"మరి ఇక్కడ కూర్చుని మాటిమాటికీ వెనక్కి చూశావెందుకు? బస్సు కూడా వదిలేశావు."

"ఎర్ర లైటు చూసి ఆపుతాడో లేదోనని ప్రాణం కొట్టుకుపోయింది తల్లీ" అన్నాడు మేస్త్రి. "ఆపకుండా తోలితే ఇంజను పోతుంది కదా. సోమవారం నువ్వెక్కాల్సిన బండి."